పాత స్కార్పియోకి ఏ ఆయిల్ పోయించాలి? ముందు చూడాల్సినవి ఏమిటి?

మీరు అడిగింది ఇదీ: 2011 మోడల్ స్కార్పియో, ఎంహాక్ డీజిల్ ఇంజిన్‌ది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, 1,68,000 కిలోమీటర్లు తిరిగింది. పాత సర్వీసు కాగితాలు ఒక్కటీ లేవు. ఉండేది ఖమ్మం. నెలకు రెండుసార్లు హైదరాబాద్, మిగతా రోజుల్లో ఊళ్లోకీ పొలానికీ. ఒక షాపులో "పాత ఇంజిన్ కదా, 20డబ్ల్యూ-50 పోయండి" అన్నారు. ఇంకో చోట "ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-30 తప్ప ఇంకేదీ వద్దు" అన్నారు. మెకానిక్ ఇంజిన్ ఫ్లష్ చేసి (లోపలి మురికి కడిగే ద్రవం పోసి నడిపి), పైన ఒక అడిటివ్ సీసా వేద్దామంటున్నాడు. నెలాఖరుకు కుటుంబంతో తిరుమల ప్రయాణం ఉంది, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా డీజిల్ బండ్ల పనే చేస్తున్నానండి. కాబట్టి ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. బండితో వచ్చే ఓనర్ మాన్యువల్ తెరవండి. అందులో 15డబ్ల్యూ-40కి అనుమతి ఉంటే, డబ్బా మీద ఏపీఐ (ఆయిల్ నాణ్యతను వర్గాలుగా విడదీసే అమెరికా సంస్థ) వర్గం సీఐ-4 ప్లస్ లేదా సీకే-4 అని ఉన్న మంచి కంపెనీ 15డబ్ల్యూ-40 పోయించండి. మాన్యువల్ లేకపోతే కంపెనీ సర్వీసు కౌంటర్‌లో ఛాసిస్ నంబరు చెప్పి అడిగితే ఆ ఇంజిన్‌కు ఏ గ్రేడ్ రాశారో చెబుతారు. 20డబ్ల్యూ-50 వద్దు. ఫ్లష్ వద్దు. సీసా అసలే వద్దు.

కానీ మీ బండి విషయంలో నా దిగులంతా ఇంజిన్ ఆయిల్ గురించి కాదు. కాగితాలు లేని బండిలో బ్రేక్ ఆయిల్, కూలెంట్, గేర్ బాక్స్ ఆయిల్, హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్) ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో తెలుసుకునే దారి లేదు. వాటి గురించి మీరు ఒక్క మాటా అడగలేదు. నా దగ్గరకు వచ్చే పాత బండ్లలో ఎక్కువ వాటికి ఇంజిన్ ఆయిల్ సమయానికి మారుతూనే ఉంటుంది. మిగతావి మాత్రం షోరూం నుంచి దిగిన రోజు పోసినవే ఉంటాయి.

ముందు చిక్కటి ఆయిల్ సంగతి తేల్చుకుందాం, అందరికీ ఉండే అనుమానం అదే కాబట్టి. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని రాస్తే, 15డబ్ల్యూ అనేది చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. ఆ పరీక్ష సున్నాకు 20, 25 డిగ్రీలు కింద చేస్తారు. ఖమ్మంలో, కొత్తగూడెంలో, రామగుండంలో మనకు ఆ చలితో పని లేదు. రెండో అంకె, 40 అనేది, ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో చెబుతుంది. బయట ఎండ 46 డిగ్రీలున్నా 30 ఉన్నా థర్మోస్టాట్, రేడియేటర్ సరిగా ఉన్న ఇంజిన్ లోపల వేడిలో పెద్ద తేడా రాదు. అందుకే "మన ఎండలకు చిక్కటి ఆయిల్ కావాలి" అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, 40 గ్రేడ్ ఆయిల్‌కు మన ఎండాకాలం కష్టమేమీ కాదు.

మరి 20డబ్ల్యూ-50 పోస్తే ఏమవుతుంది? ఇంజిన్ పగిలిపోదు. కొన్నాళ్లు శబ్దం తగ్గినట్టు కూడా అనిపిస్తుంది, అందుకే ఆ మాట ఇంకా నడుస్తోంది. నష్టం పొద్దున స్టార్ట్ చేసిన మొదటి కొద్ది సెకన్లలో జరుగుతుంది. 40 డిగ్రీల దగ్గర 15డబ్ల్యూ-40 కంటే 20డబ్ల్యూ-50 దాదాపు ఒకటిన్నర రెట్లు చిక్కగా ఉంటుంది. ఎంహాక్ 2.2 లీటర్ల కామన్ రైల్ ఇంజిన్. వాల్వుల దగ్గర ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి, వాటి సందులు చాలా సన్నం. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దాన్ని పట్టి ఉంచేది పల్చటి ఆయిల్ పొరే. అక్కడికి ఆయిల్ ఎంత త్వరగా చేరితే అంత మంచిది. అంబాసిడర్ ఇంజిన్ల కాలంలో పెద్దలు చెప్పిన చిక్కటి ఆయిల్ సలహా ఆ ఇంజిన్లకు సరైనదే. ఇది ఆ ఇంజిన్ కాదు.

బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగి నీలి పొగ వస్తుంటే చిక్కటి ఆయిల్ ఆ పొగను కొన్ని నెలలు కప్పి ఉంచుతుంది, అరుగుదల మాత్రం ఆగదు. ఎక్కువ ఆయిల్ తింటున్న బండికి కూడా ముందు ఆయిల్ ఎక్కడ పోతోందో చూసి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ఎంతుందో మెకానికల్ గేజ్ తగిలించి కొలిచాకే గ్రేడ్ మార్చడం గురించి ఆలోచిస్తాను. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలగలేదంటే ప్రెషర్ బాగుందని కాదు. ప్రెషర్ బాగా పడిపోయాకే అది వెలుగుతుంది.

గ్రేడ్ కంటే డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో ఉండే ఏపీఐ వర్గం ముఖ్యం. సీ అక్షరంతో మొదలయ్యేవి డీజిల్‌వి, ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోల్‌వి. సీఐ-4 వర్గం 2002లో వచ్చింది, ముఖ్యంగా ఈజీఆర్ ఉన్న ఇంజిన్ల కోసం. ఈజీఆర్ అంటే కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు. దాని వల్ల ఆయిల్‌లో మసి ఎక్కువ చేరుతుంది. ఆ మసిని ముద్ద కట్టనివ్వకుండా పొడిగానే తేల్చి ఉంచే గుణం సీఐ-4లో పెంచారు. 2016లో వచ్చిన సీకే-4 పాత వర్గాల పని కూడా చేస్తుంది, మీ బండికి నిక్షేపంగా వాడొచ్చు. ఆయిల్ నాలుగు రోజులకే నల్లబడిందని కంగారు పడకండి. డీజిల్ ఇంజిన్‌లో నల్లబడని ఆయిల్ తన పని చేయట్లేదని అర్థం.

ఇంకో మాట, 2020 ఏప్రిల్ నుంచి మన బంకుల్లో వచ్చే డీజిల్‌లో గంధకం 10 పీపీఎం లోపే ఉంటోంది. బీఎస్-3 అనే పాత కాలుష్య నియమాల రోజుల్లో అది 350 దాకా ఉండేది. ఆయిల్‌ను ఆమ్లంగా మార్చే వాటిలో ఆ గంధకం ముఖ్యం. మీ బండి పాతదైనా తాగుతున్నది కొత్త డీజిల్ కాబట్టి, ఆయిల్ మీద ఆ భారం మునుపటి కంటే చాలా తగ్గింది.

సింథటిక్ విషయానికొస్తే, "పాత ఇంజిన్‌కు సింథటిక్ పోస్తే సీళ్లు పోతాయి" అనేది నిజం కాదు. ఎండిపోయిన సీలు చుట్టూ జిడ్డు గట్టిపడి బిరడాలా ఉంటుంది. మంచి ఆయిల్ ఆ జిడ్డును కరిగిస్తే అప్పటికే ఉన్న లీకు బయటపడుతుంది, అంతే. సింథటిక్ మంచిదే. కానీ చరిత్ర తెలియని బండిలో మొదటిసారే ఖరీదైన ఆయిల్ పోసి పదివేల కిలోమీటర్లు ఉంచడం కంటే, మామూలు ధరలో దొరికే సీఐ-4 ప్లస్ ఆయిల్ పోసి మూడువేలకే దించేయడం మేలు. మొదటి ఆయిల్ లోపలి మురికిని మోసుకొచ్చేస్తుంది. రెండోసారి మీ ఇష్టం, మాన్యువల్ ఒప్పుకునే సింథటిక్ ఏదైనా పోయించుకోండి. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అనే రాసి ఉంటే ఆ గ్రేడే వాడండి, అందులోనూ డీజిల్ వర్గం తప్పకుండా చూడండి.

ఇప్పుడు ఫ్లష్ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక టాక్సీ బండి వచ్చింది, రెండు లక్షలు దాటింది. ఆయిల్ మూత తిప్పితే లోపల తారు పూసినట్టు మడ్డి. శుభ్రం చేద్దామని ఫ్లష్ పోసి, పదిహేను నిమిషాలు ఐడిల్‌లో నడిపి, దించి, కొత్త ఆయిల్ పోసి పంపాను. నల్లగా దిగిన ఆయిల్ చూసి ఓనరూ నేనూ ఇద్దరం సంతోషించాం. నాలుగో రోజు ఏలూరు దాటాక ఆయిల్ లైటు వెలిగిందని ఫోన్. ఆపమన్నాను, ఆపాడు కాబట్టి బతికింది. బండిని తెచ్చి ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి చూస్తే, ఆయిల్ పీల్చే జల్లెడ మీద మడ్డి పెళ్లలు అప్పడాల్లా అతుక్కుని ఉన్నాయి. జల్లెడలో చిటికెన వేలి గోరంత చోటు కూడా తెరిచి లేదు. ఫ్లష్ మడ్డిని కరిగించలేదు, గోడల నుంచి ఊడదీసి జల్లెడకు పంపింది. అప్పటి నుంచి నేను ఫ్లష్ ముట్టుకోలేదు. మీ ఇంజిన్‌లో మూత కింద మడ్డి కనిపిస్తే ఛాంబర్ దించి చేత్తో కడిగించండి, కొత్త ప్యాకింగ్ వేయించండి. పని ఎక్కువే, కానీ అది నిజమైన శుభ్రం. మడ్డి లేకపోతే వరసగా రెండుసార్లు తొందరగా ఆయిల్ మారిస్తే చాలు. అడిటివ్ సీసా అక్కర్లేదు. కావలసిన మందులన్నీ కొలత ప్రకారం కలిపే ఆయిల్ తయారు చేస్తారు, పైనుంచి ఇంకొకటి పోస్తే ఆ కొలత చెడుతుంది.

ఆయిల్ మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి, చల్లగా ఉంటే మసి అడుగునే ఉండిపోతుంది. డ్రెయిన్ నట్టుకు కొత్త వాషర్ వేయించండి. ఫిల్టర్ ఒరిజినలే కొనండి. ఇంజిన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే వాల్వు చౌక ఫిల్టర్లలో సరిగా పనిచేయదు, పొద్దున టకటకల్లో సగం దాని వల్లే. మాన్యువల్‌లో రాసిన లెక్కకు అర లీటరు తగ్గించి పోయించి, స్టార్ట్ చేసి ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది పోయాలి. పై గీత దాటకూడదు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ చిలికి నురగ చేస్తుంది.

తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్నే, బండి తీయకముందు, చదునైన చోట డిప్‌స్టిక్ చూసి డైరీలో రాసుకోండి. నా అనుభవంలో వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు లోపు తగ్గితే ఈ వయసు బండికి అది ఆరోగ్యమే. అర లీటరు దాటితే టర్బో పైపులు, వాల్వ్ సీళ్లు చూపించాలి. తగ్గడం కంటే పెరగడం ప్రమాదం. మట్టం పెరిగి, ఆయిల్ పల్చబడి డీజిల్ వాసన వస్తుంటే ఇంజెక్టర్ కారుతోందని అర్థం. పాలు కలిసిన టీ రంగులోకి మారితే నీళ్లు చేరాయి, బండి ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దు. మూత లోపల మాత్రమే తెల్లటి మీగడ కొంచెం కనిపిస్తే భయపడకండి. చలికాలంలో దగ్గర దగ్గర ప్రయాణాలు చేస్తే ఆవిరి అలా పేరుకుంటుంది, హైదరాబాద్ వెళ్లి వస్తే పోతుంది. మొదటి మూడువేల తర్వాత, మాన్యువల్ ఎన్ని వేలు చెప్పినా మీ తరహా వాడకానికి ఏడెనిమిది వేలకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు మార్చమంటాను.

ఇక నా అసలు దిగులు, బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ అనేది బ్రేక్ ఆయిల్ గ్రేడ్. కొత్త డాట్-4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నాలుగు శాతానికి కొంచెం తక్కువ నీళ్లు చేరేసరికి ఆ హద్దు 155కి పడిపోవచ్చు. డాట్-3కి అయితే 205, 140. ఘాట్ దిగేటప్పుడు డ్రైవరు బ్రేక్ మీదే కాలు ఉంచితే క్యాలిపర్ దగ్గర వేడి ఆ స్థాయికి చేరడం కష్టమేమీ కాదు. అప్పుడు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా నేల దాకా వెళ్లిపోతుంది, బండి ఆగదు. శ్రీశైలం ఘాట్‌లో అలా పెడల్ పోయి, గేర్ తగ్గించి, కొండ వైపు కాలువలోకి దించి ఆపిన ఒక కుటుంబం బండి నా షెడ్డుకే వచ్చింది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది. ప్యాడ్లు మాత్రం కొత్తవి, నెల క్రితమే వేయించారట.

మీ బండి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీదే డాట్-3 లేదా డాట్-4 అని రాసి ఉంటుంది. డాట్-3 అని ఉన్నా డాట్-4 పోయొచ్చు. డాట్-5 మాత్రం సిలికాన్ ఆయిల్, దీనితో కలవకూడదు. పై డబ్బాలోది పీల్చేసి కొత్తది పోస్తే మార్చినట్టు కాదు. నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ (ఆయిల్ బయటకు వదిలే చిన్న నట్టు) విప్పి, రంగు తేటపడే దాకా బయటకు తీయాలి. క్లచ్ కూడా ఇదే ఆయిల్‌తో నడిచే రకమైతే దాన్నీ అలాగే చేయాలి. ఇకపై రెండేళ్లకోసారి. సగం వాడి మూలన పెట్టిన సీసా వాడనివ్వకండి, కొత్త సీసా మీ ముందే విప్పించండి. ఈ ఆయిల్ బండి రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింట్ ఊడిపోతుంది.

కూలెంట్ విషయంలో మన దగ్గర జరిగే తప్పు ఒకటే, బోరు నీళ్లు పోయడం. మంచు గడ్డకట్టే ఊరు కాదు కదా, నీళ్లు చాలు అనుకుంటారు. కూలెంట్ పని గడ్డకట్టకుండా ఆపడం ఒక్కటే కాదు. మరిగే హద్దును పెంచుతుంది, లోపలి అల్యూమినియం, ఇనుము తినిపోకుండా కాపాడుతుంది. బోరు నీళ్లలోని సున్నం టీ గిన్నె అడుగున పట్టినట్టే రేడియేటర్ ట్యూబుల్లో పడుతుంది. ఎండాకాలంలో సూర్యాపేట దాటాక ఏసీ వేసుకుని వందలో వెళ్తుంటే టెంపరేచర్ ముల్లు లేచేది అందుకే. రంగు చూసి కూలెంట్ కొనకండి, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు కలుపుతుంది. ఆకుపచ్చలో ఎరుపు పోస్తే కొన్ని కలిసి జిగురులా తయారవుతాయి. పాతది పూర్తిగా దించి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగించి, మాన్యువల్ చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. కలిపి అమ్మేదైతే అందులో మళ్లీ నీళ్లు కలపొద్దు. రేడియేటర్ మూత కూడా కొత్తది వేయండి. దాని స్ప్రింగు మెత్తబడితే లోపల ఒత్తిడి నిలవదు, ఎంత మంచి కూలెంటైనా ముందే మరుగుతుంది.

గేర్ బాక్స్‌కూ హౌసింగ్‌కూ ఒకే డబ్బాలోది పోసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. వెనక హౌసింగ్‌లోని క్రౌన్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, వాటికి జీఎల్-5 ఆయిల్ కావాలి. గేర్ బాక్స్‌లో సింక్రోనైజర్ రింగులు (గేరు మారేటప్పుడు వేగాలను కలిపేవి) రాపిడితో పట్టుకోవాలి, చాలా వాటికి జీఎల్-4 చెబుతారు. అక్కడ జీఎల్-5 పోస్తే రింగు జారి, గేరు పడేటప్పుడు గరగరలాడుతుంది, ఇత్తడి రింగులు తొందరగా పోతాయి. ఏ పెట్టెకు ఏదో మాన్యువల్ చూసి, రెండు వేర్వేరు డబ్బాలు కొనండి. మీది లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్న బండి అయితే దానికి చెప్పిన ఆయిలే వాడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కింది డ్రెయిన్ నట్టు కంటే ముందు పక్కనున్న ఫిల్లర్ నట్టు విప్పించండి. కింద దించేశాక పై నట్టు తుప్పు పట్టి రాలేదనుకోండి, ఖాళీ హౌసింగ్‌తో బండి షెడ్డులో ఇరుక్కుపోతుంది. దించాక డ్రెయిన్ నట్టుకున్న అయస్కాంతాన్ని వేలితో తుడిచి చూడండి. బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే మామూలే. వేళ్లకు గుచ్చుకునే ముక్కలు తగిలితే పళ్లు లేస్తున్నాయి. మీరు పొలానికి వెళ్తారు కాబట్టి ఇంకోటి చెప్పాలి. వేడెక్కిన హౌసింగ్ కాలువ నీళ్లలో దిగగానే చల్లబడి లోపలికి గాలి పీలుస్తుంది. బ్రీదర్ (హౌసింగ్‌కు గాలి ఆడే సన్న దారి) మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ల అంచుల నుంచి నీళ్లు పీలుస్తుంది. బ్రీదర్ శుభ్రం చేయించండి. యాక్సిల్ మునిగేంత నీళ్లలో తిరిగితే ఆ వారంలోనే ఆయిల్ రంగు చూడండి.

పవర్ స్టీరింగ్ ఆయిల్ గురించి పెద్దగా చెప్పేది లేదు. డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే పోయించండి. నల్లబడితే డబ్బాలోది పీల్చి కొత్తది పోసి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, మళ్లీ అలాగే రెండు మూడుసార్లు చేస్తే చాలు.

ఏది కొన్నా బిల్లు ఇచ్చే డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనండి, సీలు చూసుకోండి. ఖాళీ డబ్బాలకు షెడ్డులోనే స్క్రూడ్రైవర్‌తో రెండు రంధ్రాలు పొడిపించండి. నకిలీ ఆయిల్ నింపేవాళ్లకు కావాల్సింది ఆ మంచి డబ్బాలే.

తిరుమల ప్రయాణానికి అన్నీ ఒకేసారి చేయించే వీలు లేకపోతే వరస ఇదీ: మొదట బ్రేక్ ఆయిల్, తర్వాత కూలెంట్, ఆ తర్వాత ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్. గేర్ బాక్స్, హౌసింగ్ ఆయిళ్లు మట్టం సరిపోతే తిరిగొచ్చాక మార్చుకోవచ్చు, మట్టం మాత్రం వెళ్లే ముందు చూపించండి. ఈ పనులు బయల్దేరే ముందు రోజు పెట్టుకోవద్దు. వారం ముందు చేయించి, ఒకసారి హైదరాబాద్ వెళ్లొచ్చి, రాత్రి బండి కింద పాత పేపర్లు పరిచి పొద్దున చూడండి. ఎక్కడ చుక్క పడిందో, ఏ రంగులో పడిందో తెలుస్తుంది. కొండెక్కేది రెండో ఘాట్ మీదుగా, దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ మీదుగా. దిగేటప్పుడు రెండో గేరులోనే రండి, బ్రేకు నొక్కి వదలండి, నొక్కి పట్టుకుని ఉండొద్దు. అలిపిరి దగ్గరకు వచ్చాక వెంటనే ఇంజిన్ ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. పేపర్ మీద పడిన చుక్కలకు ఒక ఫోటో తీసి, డైరీలో రాసుకున్న డిప్‌స్టిక్ మట్టాలతో కలిపి ఇక్కడ పెడితే చూసి చెబుతాను.